లాంబెత్ చర్చిలో పూల ప్రదర్శన

లండన్ నగరంలో థేమ్స్ నదికి దక్షిణపు ఒడ్డున లాంబెత్ అనే పేట ఉంది. అక్కడ కాంటర్‌బరీ ఆర్చిబిషప్పు భవనాన్ని ఆనుకొని సెయింట్ మేరీ చర్చి కనిపిస్తుంది. దాని గోపురం 14వ శతాబ్దం నాటిది. మిగిలిన కట్టడంలో చాలా భాగాన్ని 1851-52 లలో తిరిగి కట్టారు. 1972లో ఇక్కడ ఆరాధనలు నిలిచిపోయాయి. తలుపులకు పలకలు కొట్టేశారు. చర్చిని కూల్చివేయాలనే నిర్ణయం కూడా జరిగింది.

1976లో రోజ్‌మేరీ నికల్సన్ అనే ఆమె ఈ చర్చి ఆవరణలోని ఒక సమాధిని చూడడానికి వచ్చింది. అది ట్రెడెస్కాంట్ కుటుంబం వారిది. ఆ కుటుంబంలోని తండ్రీకొడుకులిద్దరి పేరూ జాన్ అనే. ఇద్దరూ 17వ శతాబ్దంలో రాజుగారి తోటలు చూసినవారే. దూరదేశాల మొక్కలను ఇంగ్లండుకు తెచ్చి పెంచారు. వరండాల్లో కుండీల నుంచి వేలాడే, ఊదారంగు చారల ఆకుల మొక్కను మీరు చూసే ఉంటారు. దాని జాతికి శాస్త్రజ్ఞులు పెట్టిన ట్రెడెస్కాంషియా అనే పేరు వీరిని బట్టి వచ్చిందే. అటువంటి వారి సమాధి ఉన్నచోటు శిథిలమై పోవడం చూసి ఆమె ఊరుకోలేకపోయింది. భర్తతో కలిసి ఒక ట్రస్టు స్థాపించింది. 1977లో ఆ చర్చిలోనే ఉద్యానాల చరిత్రను తెలిపే మ్యూజియం వెలిసింది. ఇప్పుడు దానిని గార్డెన్ మ్యూజియం అంటారు.

చర్చిలో మ్యూజియం పెట్టడం అనుకున్నంత తేలిక కాదు. పాత గోడలకు మేకులు కొట్టరాదు. అలాగని బొమ్మలను, కాగితాలను ఆ విశాలమైన హాలులో ఊరికే పరచి ఉంచడానికీ వీలులేదు. వెలుతురు, తేమ ఎక్కువైతే అవి పాడవుతాయి. 2008లో డౌ జోన్స్ అనే వాస్తుశిల్పుల సంస్థ ఇందుకు ఒక ఉపాయం చేసింది. చెక్కపొరలను ఒకదాని మీద ఒకటి అడ్డంగా, నిలువుగా అతికించి చేసిన మందపాటి పలకలతో చర్చి లోపలే మరొక కట్టడాన్ని నిలబెట్టింది. అది తన కాళ్ల మీద తానే నిలిచి ఉంటుంది, పాత కట్టడం మీద ఆధారపడదు. ఎప్పుడైనా దానిని విప్పి తీసివేయవచ్చు. ఇంటికి వచ్చిన చుట్టం ఇంటి సామాను కదపకుండా ఉన్నట్లుంటుంది!

ఈ చర్చిలో 2021లో కాన్‌స్టన్స్ స్ప్రై అనే ఆమె పనిని గురించి ఒక ప్రదర్శన జరిగింది. ఆమె చేసిన పని పూలు అమర్చడం. పూలు అమర్చడానికి ప్రదర్శన ఎందుకని మీకు అనిపించవచ్చు. లండన్‌లోనే చాలామంది పెద్దలకు అలా అనిపించింది. ఆ కథ చెప్పుకోవలసిందే.

స్ప్రై 1886లో పుట్టింది. పూల పనిలోకి రాకముందు, లండన్ తూర్పు పేటల్లో కూలిపనులకు పోయే పిల్లల పాఠశాలకు ప్రధానోపాధ్యాయినిగా ఉండేది. 1920ల చివర పూల వ్యాపారం ప్రారంభించింది. ఆ రోజుల్లో సంపన్నుల ఇళ్లలో ఖరీదైన పూలను పద్ధతి ప్రకారం గుత్తులు కట్టి ఉంచేవారు. స్ప్రై కంచెల వెంట పెరిగే తీగలు, గడ్డిపరకలు, కాయలు, చివరకు కూరతోటలోని ఆకులు కూడా గులాబీల సరసన చేర్చింది. వాటిని అమర్చడానికి వంటింటి గిన్నెలయినా ఆమెకు పనికివచ్చేవి. బతుకమ్మను పేర్చే తెలంగాణ ఇళ్లలోను, షోలాపూర్, భివండి తెలుగు పేటల్లోను ఈ సంగతి ఎవరికీ వింత కాదు. గునుగు, తంగేడు బీళ్లలోను, గట్ల మీద తమంత తాము పూసేవే కదా!

ఆమె కిటుకు ఒకటి తెలుసుకోదగినది. కోళ్ల గూళ్లకు వాడే తీగవలను నలిపి పాత్రలోపల దూర్చేది. ఆ కన్నాల్లో గుచ్చిన కాడ ఎటు వంచితే అటే నిలుస్తుంది. వల బయటికి కనిపించదు. బరువైన కొమ్మ ఒక పక్కకు వాలినా పాత్ర ఒరిగిపోకుండా రెండో పక్క ఏమి ఉంచాలో ఆమె లెక్కచూసుకోవలసిందే.

2004లో లండన్‌లోని డిజైన్ మ్యూజియం స్ప్రై మీద ప్రదర్శన పెట్టింది. ఆ మ్యూజియం అధ్యక్షుడు జేమ్స్ డైసన్ పదవికి రాజీనామా చేశాడు. ఆయన సంచిలేని వాక్యూమ్ క్లీనర్‌ను తయారుచేసినవాడు. అందుకోసం 5,127 నమూనాలు చేసి చూశానని చెప్పుకొన్న మనిషి. వస్తువు ఎలా పనిచేయాలో ఆలోచించి తయారుచేయడమే డిజైన్ అనీ, మ్యూజియం ఆ దారి వదిలి పైపై సొగసుల వెంట పోతున్నదనీ ఆయన వాదన. ఈ మాటను తేలికగా కొట్టివేయలేము. పూలగుత్తి వారంలో వాడిపోతుంది. యంత్రం ఏళ్ల తరబడి ఇంటిపని చేస్తుంది. అయితే ఆ తీగవలను చూసినవారు, లెక్క, ఆలోచన యంత్రాలకే ఉంటాయని ఎలా అనగలరు? ఇంట్లో ఆడవారు రోజూ చేసే పనులకు మ్యూజియంలో చోటు ఉండాలా అన్న ప్రశ్న కూడా ఈ తగవులో దాగి ఉంది.

పదిహేడేళ్ల తర్వాత లాంబెత్ చర్చిలో మళ్లీ స్ప్రై ప్రదర్శన ఏర్పాటయింది. దానిని రూపొందించినది కూడా పూలు అమర్చే కళాకారుడే, పేరు షేన్ కానలీ. 2011లో రాకుమారుడు విలియం పెళ్లికి పూలు అమర్చినది ఆయనే.

చర్చి గోపురానికి 131 మెట్లున్నాయి. పైకెక్కితే నది, దాని అవతల వెస్ట్‌మినిస్టర్ కనిపిస్తాయి. 1953లో రెండవ ఎలిజబెత్ రాణి పట్టాభిషేకానికి అక్కడి ఆబీలో, ఊరేగింపు సాగే దారిలో పూలు అమర్చింది స్ప్రైయే.

అభ్యాసం

1. కొత్త కట్టడాన్ని పాత చర్చి మీద ఆధారపడకుండా ఎందుకు నిలబెట్టారు?

2. డైసన్ వాదనను మీ సొంత మాటల్లో రాయండి. దానికి మీరు ఏమని జవాబిస్తారు?

3. మీ ఊళ్లో గట్ల మీద, బీళ్లలో పూసే పూల పేర్లు తెలుగులోను, మీ రాష్ట్ర భాషలోను సేకరించండి.