మిగిలిన ముక్కలతో స్కార్ఫ్: ఉతికితే ముడతలెందుకు?

ప్రశ్న: ఇంట్లో మిగిలిన జాకెట్టు ముక్కలు, చిరిగిన నేత చీరలో బాగున్న భాగం, అమ్మాయి డ్రెస్సు కుట్టగా మిగిలిన జార్జెట్, ఒక పట్టు ముక్క ఉంటే వాటితో స్కార్ఫ్ కుట్టాను. రంగులు కుదిరేలా చూసుకుని, పొడుగాటి పట్టీలు కత్తిరించి పక్కపక్కన కలిపాను. కుట్టిన రోజు ఎంతో బాగుంది. ఒక్కసారి ఉతికేసరికి ఎక్కడికక్కడ ముడతలు పడి మెలితిరిగిపోయింది. ఇస్త్రీకి కూడా లొంగలేదు. లోపం మిషన్‌దా, దారానిదా? మళ్లీ కుట్టాలంటే ఏం జాగ్రత్త తీసుకోవాలి?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మిషన్‌నీ దారాన్నీ అనుమానించకండి. మీరు ముక్కల్ని రంగు చూసి జత చేశారు. నీళ్లలో పడితే ఏ గుడ్డ ఏమవుతుందో చూసి జత చేయాల్సింది. మగ్గం మీద పడుగు పోగులు బిగువుగా లాగి ఉంటాయి, దానికి తోడు గంజి పెట్టి ఉంటారు. కొత్త నూలు గుడ్డ మొదటిసారి తడిసినప్పుడు గంజి కరిగి, ఆ బిగువు వదిలి, పోగు కుదించుకుంటుంది. సాధారణంగా పేక వైపు కంటే పడుగు వైపే ఎక్కువ. పాలియెస్టర్ జార్జెట్ మామూలు ఉతుకుకి దాదాపు కుదించుకోదు. ఇప్పుడు లెక్క చూడండి. మీ పట్టీ 180 సెంటీమీటర్లనుకుందాం. నూలు నూటికి అయిదు చొప్పున తగ్గితే 9 సెంటీమీటర్లు పోయి 171 అవుతుంది. పక్కనున్న జార్జెట్ 180 దగ్గరే ఆగిపోతుంది. రెండూ ఒకే కుట్టుతో బిగించి ఉన్నాయి కనుక, మిగిలిపోయిన ఆ 9 సెంటీమీటర్ల జార్జెట్ ఎక్కడికి పోవాలి? ముడతలుగా లేస్తుంది. ఇస్త్రీ పెట్టె ముడతని అణచగలదు గాని, పొడుగు తేడాని తీసేయలేదు.

మన ఇళ్లలో బొంతలు ఏ గుడ్డ పడితే ఆ గుడ్డతో కుట్టారు కదా, అవి ఏళ్ల తరబడి నిలిచాయి కదా అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కాని బొంతలోకి వెళ్లేది కట్టి కట్టి మెత్తబడిన పాత చీర, పాత పంచె. లెక్కలేనన్ని ఉతుకులు చూసిన గుడ్డలో ఇంక కుదించుకునేందుకు పెద్దగా ఏమీ మిగలదు. పైగా పొరలన్నిటినీ కలుపుతూ దగ్గర దగ్గరగా చేతికుట్టు పడుతుంది. ఎక్కడో చిన్న తేడా వచ్చినా అది బొంత అంతటా సర్దుకుపోతుంది. స్కార్ఫ్‌ది ఒంటిపొర. దాచుకోవడానికి దానికి చోటు లేదు. బొంత మనకి నేర్పేదల్లా ఉతికిన గుడ్డనే కుట్టమని, రకం చూడనక్కర్లేదని కాదు.

కాబట్టి కత్తెర పట్టకముందే ముక్కలన్నిటినీ, స్కార్ఫ్‌ని రేపు ఎలా ఉతకబోతారో అలాగే ఉతికి ఆరేయండి. కొత్త నూలునైతే రెండుసార్లు. రంగు పోతుందేమో చూడటానికి తడిగుడ్డని తెల్ల పంచె ముక్క మీద పెట్టి నొక్కండి. ముదురు ఎరుపు, నీలి, కలంకారీ అద్దకం ముక్కల దగ్గర ఈ పరీక్ష తప్పదు. ఉప్పునీళ్లలో నానబెడితే రంగు ఆగిపోతుందని చాలామంది నమ్మకం. అద్దకం వేసే సమయంలో కొన్ని రంగులు నూలుకి పట్టడానికి ఉప్పు సాయపడుతుంది గాని, సరిగా పట్టని రంగుని తర్వాత అది కట్టిపడేయలేదు. మూడు నాలుగు ఉతుకులకీ రంగు వదులుతున్న ముక్కని లేత రంగుల పక్కన పెట్టకండి. ఏదైనా ముక్క నూలో పాలియెస్టరో తెలియకపోతే నాలుగు పోగులు లాగి, పట్టకారుతో పట్టుకుని, నీళ్ల గిన్నె మీద కాల్చి చూడండి. నూలు కాగితం కాలిన వాసనతో మెత్తని బూడిదవుతుంది. పట్టు వెంట్రుక కాలిన వాసన వేస్తుంది. పాలియెస్టర్ కరిగి గట్టి పూసలా ముద్ద కడుతుంది.

పట్టుని ఎలా ఉతకడం అంటారా? అదే అసలు చిక్కు. ఒక వస్తువుకి ఒకటే ఉతుకు ఉంటుంది. అందులో అన్నిటికంటే సుకుమారమైన ముక్క ఏదో, స్కార్ఫ్ మొత్తం దాని మాటే వినాలి. ఒక్క జరీ పట్టు ముక్క కోసం అయిదు నూలు ముక్కల్ని డ్రైక్లీనింగ్‌కి పంపడం నాకు సబబుగా తోచదు. పట్టుని పట్టుతోనే కలిపి వేరే స్కార్ఫ్ చేసుకోండి. లోపల లైనింగ్ వేస్తే సరిపోతుందని కొందరు చెబుతారు. అది కుట్టుని కప్పుతుంది, అంతే. కుదింపుని ఆపదు. బరువు పెరుగుతుంది, మన ఎండల్లో మెడ చుట్టూ రెండు పొరలు భరించడం కష్టం. అన్నీ నూలువే అయితే స్కార్ఫ్ చప్పగా ఉంటుందన్న అభ్యంతరానికి మన మగ్గాలే జవాబు. మంగళగిరి, నారాయణపేట, పొందూరు ఖాదీ, పెడన కలంకారీ అద్దకం, పోచంపల్లి నూలు ఇక్కత్. ఇందులో ఒకటి ఇంకోదానిలా ఉండదు. నేయకముందే పోగుకి ముడులు కట్టి రంగు అద్దుతారు కనుక ఇక్కత్‌లో డిజైను రెండు వైపులా కనిపిస్తుంది. అచ్చు గుడ్డలకి సాధారణంగా వెనకవైపు వెలిసినట్టుంటుంది. మెడ చుట్టూ తిరిగే స్కార్ఫ్‌కి ఉల్టా సుల్టా రెండూ బయటపడతాయి కాబట్టి ఇది చిన్న సంగతి కాదు. అయితే నూలులోనూ బరువు చూడాలి. రెండు ముక్కల్ని చెరో వేలి మీద వేలాడదీయండి. ఒకటి జారుతూ, ఇంకోటి గొడుగులా విచ్చుకుని నిలబడుతుంటే ఆ రెండింటినీ కలపకండి.

ఇక కలిపే తీరు. పొడుగు పట్టీలు మానేసి, ముక్కల్ని ఒకదాని చివర ఒకటి కలపండి. పడుగు స్కార్ఫ్ పొడుగు వెంట ఉండాలి. అప్పుడు అతుకు పేక వెంట పడుతుంది. ఏ ముక్కయినా పడుగు వైపు ఇంకాస్త కుదించుకున్నా దాని పొడుగు తగ్గుతుంది గాని పక్క ముక్కని ముడత పెట్టదు. 32 సెంటీమీటర్ల పొడుగు, 52 వెడల్పుతో ఆరు ముక్కలు తీసుకుంటే, ఒక్కో అంచుకి ఒక సెంటీమీటరు మార్జిన్ పోగా 180 పొడుగు, 50 వెడల్పు స్కార్ఫ్ వస్తుంది. అతుకుకి ఫ్రెంచ్ సీమ్ వేయండి. ముందు ఉల్టా వైపులు లోపలికి ఉండేలా పెట్టి 4 మిల్లీమీటర్ల దూరాన కుట్టండి. అంచు కాస్త కత్తిరించి, తిప్పి ఇస్త్రీ చేసి, సుల్టా వైపులు కలిసేలా మడిచి 6 మిల్లీమీటర్ల దూరాన రెండో కుట్టు వేయండి. పోగులు లోపలే ఉండిపోతాయి. పల్చటి గుడ్డకి 11 నంబరు సూది చాలు. మందమైన సూది పెద్ద రంధ్రాలు చేస్తుంది. ఓవర్‌లాక్ త్వరగా అయిపోతుంది, నిజమే. కాని వెనక దారాల వరస కనిపిస్తూ ఉంటుంది.

పాడైందనుకున్న పాత స్కార్ఫ్‌ని పారేయకండి. కుట్లు విప్పి పట్టీలు విడదీయండి. అందులోని నూలు పట్టీలు నీళ్లు చూసేశాయి, కుదించుకోవాల్సినంతలో చాలా భాగం కుదించుకున్నాయి. ఇంకోసారి ఉతికి, తడి పూర్తిగా ఆరకముందే పడుగు వెంట ఇస్త్రీ చేయండి. కొత్త స్కార్ఫ్ ముక్కలకి వెడల్పు చాలని వాటిని ముందు రెండేసి చొప్పున కలుపుకోండి. అన్నీ ఉతికినవే కనుక ఇప్పుడు పక్కపక్కన కుట్టినా భయం లేదు. జార్జెట్ పట్టీల్ని వేరుగా ఉంచండి. వేడి తగ్గించి ఇస్త్రీ చేస్తే వాటితో తలకి కట్టుకునే రిబ్బన్లు రెండు మూడు వస్తాయి.