ప్లేగు టీకా చేసిన హాఫ్కిన్ గారు



ఈసారి సైన్సు శీర్షికలో టీకాలు తయారుచేసే శాస్త్రవేత్త పని ఎలా వుంటుందో రాస్తున్నాను. జెన్నర్, పాశ్చర్ పేర్లు మనకు తెలుసు. వాల్డెమార్ హాఫ్కిన్ పేరు చాలామంది విని వుండరు. కానీ ఆయన ఎక్కువ పని చేసింది మన దేశంలోనే.

టీకా అంటే ఏమిటి?

మన ఒంట్లో రోగంతో పోరాడే కణాలు వుంటాయి. కొత్త క్రిమి వస్తే దాని మీద బలం కూడగట్టుకోవడానికి వాటికి కొన్ని రోజులు పడుతుంది. ఈలోపు రోగం ముదురుతుంది. అందుకని చచ్చిన క్రిమినో, బలం తగ్గించిన క్రిమినో, దానిలో ఒక ముక్కనో ముందుగానే ఒంట్లోకి పంపిస్తారు. కణాలు దాన్ని గుర్తుపెట్టుకుంటాయి. అసలు క్రిమి వచ్చినప్పుడు తొందరగా పని పడతాయి. సూది వేశాక చెయ్యి నొప్పి, కాస్త జ్వరం వచ్చేది కణాలు ఈ పాఠం నేర్చుకుంటున్నందుకే.

చదువు, ఉద్యోగం

హాఫ్కిన్ 1860లో ఒడెస్సాలో ఒక యూదు కుటుంబంలో పుట్టారు. ఆ ఊరు అప్పుడు రష్యా సామ్రాజ్యంలో వుండేది, ఇప్పుడు ఉక్రెయిన్‌లో వుంది. ఆయన డాక్టరు చదువు చదవలేదు, జంతుశాస్త్రం చదివారు. మతం మార్చుకుంటే అక్కడే మంచి ఉద్యోగం దొరికేది. ఆయన ఒప్పుకోలేదు. 1889లో పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో చేరారు. ఏ ఉద్యోగంలో అనుకున్నారు? లైబ్రరీలో సహాయకుడిగా! మిగిలిన టైములో ప్రయోగాలు చేసేవారు. 1892లో కలరా టీకా తయారుచేసి మొదట తనకే వేసుకున్నారు. 1893లో కలకత్తా వచ్చారు. బస్తీల్లో జనం నమ్మకపోతే వాళ్ల ముందే మళ్లీ సూది వేయించుకున్నారు. అప్పుడు ఒక్కొక్కరే ముందుకొచ్చారు.

నెయ్యి చుక్కల కింద క్రిములు

1896లో బొంబాయిలో ప్లేగు వచ్చింది. హాఫ్కిన్‌కు గ్రాంట్ మెడికల్ కాలేజీలో ఒక చిన్న గది, ఒక గుమాస్తా, ముగ్గురు బంట్రోతులు ఇచ్చారు. ఆయన మాంసం రసంలో ప్లేగు క్రిములను పెంచారు. రసం మీద నెయ్యి చుక్కలు వేస్తే వాటి కింద క్రిములు గుంపుగా, బొర్రా గుహల్లో పైనుంచి వేలాడే రాళ్లలాగా పెరిగేవి. తర్వాత వాటిని వేడి చేసి చంపేవారు. అదే టీకా. 1897 జనవరి 10న ముందు తనకే వేసుకున్నారు.

అదే నెలాఖరుకు బైకుల్లా జైల్లో ప్లేగు మొదలైంది. ఇష్టపడిన ఖైదీలకు టీకా వేశారు, మిగిలినవాళ్లకు వెయ్యలేదు. వేసుకోనివాళ్లలో 12 మందికి జబ్బు వచ్చి ఆరుగురు చనిపోయారు. వేసుకున్నవాళ్లలో ఇద్దరికే వచ్చింది, ఎవరూ చనిపోలేదు. ఒకే చోట, ఒకే తిండి తినేవాళ్లను ఇలా పోల్చి చూస్తేనే టీకా పని చేసిందో లేదో తెలుస్తుంది.

పడిన నింద

1902 అక్టోబరు 30న పంజాబులోని ముల్కోవాల్ అనే పల్లెలో 107 మందికి టీకా వేశారు. వాళ్లలో ఒకే సీసాలోని మందు ఎక్కించిన 19 మంది ధనుర్వాతంతో చనిపోయారు. తప్పు హాఫ్కిన్ ప్రయోగశాలదే అన్నారు. ఆయన్ని పనిలోంచి తప్పించారు. కానీ ఆ పల్లెలో సీసా మూత తియ్యడానికి వాడిన పటకారు నేల మీద పడిందనీ, దాన్ని సరిగ్గా కాల్చి శుభ్రం చెయ్యకుండా వాడారనీ విచారణలో బయటపడింది. ధనుర్వాతం క్రిమి మట్టిలో వుంటుంది కదా! మలేరియా మీద పని చేసిన రోనాల్డ్ రాస్ లాంటివాళ్లు హాఫ్కిన్ తరఫున రాశారు. 1907లో గానీ ఆయన మీద నింద పోలేదు. మళ్లీ కలకత్తాలో పనికి వెళ్లారు. 1925లో బొంబాయి ప్రయోగశాలకు హాఫ్కిన్ సంస్థ అని పేరు పెట్టారు. 1930లో ఆయన చనిపోయారు.

మనం నేర్చుకోవాల్సింది

టీకా వేశాక ఒకరికి ఏమన్నా అయితే "అన్ని టీకాలూ చెడ్డవే" అని ఊరంతా మానేస్తే, రోగానికి తలుపు తీసినట్టే. అలాగని నోరు మూసుకుని వుండమని కాదు. ఏ సీసా, ఎవరెవరికి వేశారు, ఎలా వేశారు అని అడగాలి. ఏ.ఎన్.ఎం. అక్కను "కొత్త సూదేనా అక్కా?" అని అడగడం తప్పు కాదు. ముల్కోవాల్‌లో 19 మందిని చంపిన ధనుర్వాతానికి ఇప్పుడు టీకా వుంది. మనకు 10 ఏళ్లకూ, 16 ఏళ్లకూ వేసే టీడీ సూది అదే.

ఇంకో మాట. ఈ పనికి ఎం.బి.బి.ఎస్. ఒక్కటే దారి కాదు. ఇంటర్ బైపీసీ తర్వాత బీఎస్సీలో సూక్ష్మజీవుల శాస్త్రం చదివినా వెళ్లొచ్చు. టీకాలు తయారుచేసే కంపెనీలు హైదరాబాదులోనే వున్నాయి. మనలో ఎవరో ఒకరు వెళ్లాలని నా కోరిక.

జవాబులు రాసి పత్రిక కింద అంటించండి:
1. హాఫ్కిన్ టీకాను మొదట ఎవరికి వేశారు? ఎందుకు?
2. జైల్లో కొందరికి టీకా వెయ్యకపోతే ఏం తెలిసింది?
3. పటకారును ఎందుకు కాల్చాలి?

ఇట్లు,
మీ తోటి విద్యార్థిని, 9వ తరగతి