టర్బోకు ఆయిలే ప్రాణం

ఘాట్ రోడ్డు ఎక్కుతున్న డీజిల్ లారీకి ఉన్నట్టుండి బలం తగ్గింది. వెనుక నీలం పొగ! ఎందుకు?

ఇంజను వదిలే వేడి పొగ ఒక చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకు రెండో కొసనున్న చక్రం ఇంజనులోకి ఎక్కువ గాలిని నెడుతుంది. ఇదే టర్బోచార్జర్. స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూఖి 1905లో దీనికి పేటెంటు కోరాడు.

ఆ ఇరుసు నిమిషానికి దాదాపు లక్ష చుట్లు తిరుగుతుంది. బేరింగుకు రాసుకోకుండా పలుచని ఆయిలు పొర మీద తేలుతుంది. ఆయిలు తగ్గినా, మురికి పట్టినా రెండూ అరిగిపోతాయి. అప్పుడు సందులోంచి కారిన ఆయిలు గాలితోపాటు ఇంజనులో చేరి మండుతుంది. నీలం పొగ దానిదే.

వెంటనే బండిని పక్కకు తీసి ఇంజను ఆపాలి. లేకపోతే కారే ఆయిలే ఇంధనమవుతుంది. డీజిల్ ఇంజనుకు నిప్పురవ్వ అక్కరలేదు కనుక తాళం తిప్పినా ఆగకపోవచ్చు. వేగం పెరిగి బద్దలు కావచ్చు. అలాంటప్పుడు అందరూ దూరంగా జరగాలి.

కొత్త టర్బో బిగిస్తే చాలదు. ఆయిలు గొట్టం పూడుకుపోయి ఉంటే కొత్తదీ పాడవుతుంది. ముందు కారణం వెతకాలి.

ఘాట్ ఎక్కాక అనుభవమున్న డ్రైవర్లు ఇంజనును ఒకటి రెండు నిమిషాలు నెమ్మదిగా నడవనిచ్చి ఆపుతారు. ఎందుకో చెప్పగలరా?

జవాబు: ఇంజను ఆగితే ఆయిలు పంపూ ఆగుతుంది. కాగిపోయిన టర్బో మాత్రం ఇంకా తిరుగుతూనే ఉంటుంది.