ఇంటిపేరు చరిత్ర పని ఒప్పుకునే ముందు

అంబర్‌పేట, తార్నాకల్లో గదులు తీసుకుని ఓయూలో రీసెర్చ్ చేస్తున్నవాళ్లకు ఒక పార్ట్‌టైమ్ పని తగులుతుంటుంది. విదేశాల్లో స్థిరపడ్డ కుటుంబం తమ ఇంటిపేరు చరిత్ర రాసిపెట్టమంటుంది. డెడ్‌లైన్ రెండు వారాలంటారు. డబ్బు అవసరమే కాబట్టి వెంటనే సరే అనేస్తాం. అంతకంటే ముందు పూర్వీకుల ఊరు, తాలూకా అడగండి.

ఏ ఆఫీసుకు వెళ్లాలో ఊరే తేలుస్తుంది. తెలంగాణ నిజాం పాలనలో ఉండేది, కోస్తా, రాయలసీమలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి. కరీంనగర్ కుటుంబమైతే తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్‌తో మొదలుపెట్టొచ్చు. నెల్లూరు కుటుంబమైతే చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్ ప్రయాణ ఖర్చు కూడా ముందే లెక్కలో వేసుకోవాలి.

ఆర్కైవ్స్ మీద అతిగా ఆశ పెట్టుకోవద్దు. షాజహాన్, ఔరంగజేబు కాలపు కాగితాలు అక్కడ ఉన్నాయి, నిజమే. వాటిలో జాగీర్దార్లు, మన్సబ్‌దార్లు దొరుకుతారు. మీ క్లయింటు ముత్తాత మామూలు రైతైతే అక్కడ కనిపించే అవకాశం తక్కువ. ఆయన కోసం భూమి రికార్డులు పట్టుకోవాలి: తెలంగాణలో సర్వే నాటి భూమి రిజిస్టరైన సేత్వార్, ఏ పొలం ఎవరి చేతిలో ఉందో చూపే 1954-55 ఖాస్రా పహాణీ. ఆంధ్ర జిల్లాల్లో ఇనాం భూమి (పన్ను మినహాయించో తగ్గించో ఇచ్చిన మాన్యం) ఉన్న ఇల్లయితే, 1858లో ఏర్పడ్డ ఇనాం కమిషన్ తయారుచేయించిన ఇనాం ఫెయిర్ రిజిస్టర్ చూడండి. ఊరి కరణాలు, పెద్దల కుటుంబాల సంగతులు కాలిన్ మెకంజీ సేకరింపజేసిన ఊరి చరిత్రల్లో, అంటే మెకంజీ కైఫియత్తుల్లో, తగలొచ్చు.

ఎక్కువమంది దెబ్బతినేది చదవడంలోనే. నిజాం కాలపు తెలంగాణ రికార్డులు చాలావరకు ఉర్దూలో ఉంటాయి, ఉర్దూ రాతలో హ్రస్వ అచ్చుల గుర్తులు సాధారణంగా వేయరు. దాంతో కొండ, కుండ ఒకేలా కనిపించొచ్చు. పాత చేతిరాత చదవగలిగిన మనిషికి డబ్బిచ్చి చదివించుకోండి, ఆ ఖర్చు క్లయింటు బిల్లులో చూపించండి. ఊహించి రాసిన ఒక్క అక్షరంతో ఇంకో వంశాన్ని తెచ్చి అంటగట్టినవాళ్లమవుతాం. అది చాలా పెద్ద తప్పు.

ఒక కేసు చూద్దాం. ఇంటిపేరు కొత్తపల్లి. ఊరి పేరు మీద వచ్చిందని చెప్పడం తేలికే, కానీ కొత్తపల్లి పేరుతో ఊళ్లు చాలా జిల్లాల్లో ఉన్నాయి. మ్యాప్‌లో దగ్గరున్నది ఎంచుకోవద్దు. ఆ కుటుంబం ఎక్కడినుంచి వలస వచ్చిందో పాత దస్తావేజుల్లోనో, పెళ్లిపత్రికల్లోనో ఆధారం దొరికాకే ఊరు ఖాయం చేయండి. ఒకే ఇంటిపేరు వేర్వేరు కులాల్లో ఉంటుంది. కాబట్టి పేరు చూసి కులం, గోత్రం రాయకూడదు, క్లయింటు ఎంత ఒత్తిడి చేసినా సరే.

మారిషస్ తెలుగు కుటుంబమైతే లెక్క వేరు. ఒప్పంద కూలీల రికార్డులు అక్కడ మోకా అనే ఊళ్లోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి. వలస వెళ్లిన మనిషి సొంత పేరే తర్వాతి తరాలకు ఇంటిపేరుగా స్థిరపడిన సందర్భాలు ఎక్కువ. అలాంటప్పుడు ఇక్కడ ఆ ఇంటిపేరు వెతికి లాభం లేదు. ఆ కూలీ రికార్డులో ఊరు, జిల్లా రాసి ఉన్నాయేమో ముందు తెప్పించుకోండి.

రిపోర్టులో ప్రతి మాట పక్కన ఏ రికార్డు, ఏ సంవత్సరం, ఏ పేజీ అన్నది రాయండి. కుటుంబం నోటిమాటగా చెప్పింది విడిగా పెట్టండి. ఫీజు వెతకడానికేనని, ఫలితానికి గ్యారంటీ లేదని మొదటి ఈమెయిల్లోనే రాసి, సగం అడ్వాన్స్ తీసుకోండి.