పాలపళ్ళే గదా అనుకోవద్దు

మైపాడు, కృష్ణపట్నం వైపు పల్లెల్లో మగవాళ్ళు వేటకు పోతారు. ఆడవాళ్ళు చేపల గంప ఎత్తుకుని ఊళ్ళు తిరుగుతారు. ఇంటి దగ్గర చంటిబిడ్డ ఏడిస్తే పాలసీసాలో చక్కెర నీళ్ళు పోసి ఇస్తారు. కాస్త పెద్ద పిలకాయలకు బిళ్ళలు, బిస్కెట్లు కొనిస్తారు.

ఆ తీపి పళ్ళకు అంటుకుంటుంది. నోట్లో కంటికి కనపడని క్రిములు ఉంటాయి. అవి తీపిని తిని ఆమ్లాన్ని వదులుతాయి. ఆమ్లం పంటిని కొంచెం కొంచెంగా తినేస్తుంది. ముందు తెల్లమచ్చ, తరువాత నల్లమచ్చ, ఆపైన గుంట. అదే పిప్పిపన్ను. "పురుగు పట్టింది" అంటాం గాని, పంటిలో పురుగు ఉండదు.

"పాలపళ్ళే గదా, ఊడిపోతాయిలే!" అంటారు పెద్దవాళ్ళు. ఊడే మాట నిజమే. కాని దవడ పాలపళ్ళు పది, పన్నెండేళ్ళ దాకా ఉంటాయి. అవి పుచ్చితే బిడ్డ అన్నం నమలలేడు. రాత్రి నిద్ర ఉండదు. చీము పడితే లోపల ఉన్న కొత్త పన్ను కూడా చెడవచ్చు.

ఇంకో సంగతి. ఆరేళ్ళప్పుడు పాలపళ్ళ వెనక ఒక దవడపన్ను వస్తుంది. ఏ పన్నూ ఊడకుండానే వస్తుంది. అందుకే దాన్నీ పాలపన్నే అనుకుంటాం. అది పోతే మళ్ళీ రాదు.

ఏం చేయాలి?

1. మొదటి పన్ను వచ్చినప్పటి నుంచి ఉదయం, రాత్రి పళ్ళు తోమాలి. రాత్రి తోమడం ముఖ్యం.
2. ఇటుకపొడి, బొగ్గు వద్దు. పన్ను అరుగుతుంది. ఫ్లోరైడు ఉన్న పేస్టు మూడేళ్ళ లోపు బియ్యపు గింజంత, ఆపైన బఠాణీ గింజంత చాలు. ఉమ్మడం నేర్పాలి.
3. సీసా నోట్లో పెట్టి నిద్రపుచ్చవద్దు.
4. దవడ వాచినా, జ్వరం వచ్చినా పొగాకు పెట్టి ఊరుకోవద్దు. వెంటనే ఆసుపత్రికి పోవాలి.

పంటి మీద గోధుమరంగు చారలు ఉంటే అది వేరే జబ్బు కావచ్చు. నీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువైతే వస్తుంది. 1937లోనే ఈ జబ్బును నెల్లూరు జిల్లాలో డాక్టర్లు గుర్తించారు. తోమితే అది పోదు. తాగే నీళ్ళను పరీక్ష చేయించాలి.

2013లో రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం మొదలైంది. దాని ప్రకారం అంగన్‌వాడీలో ఏడాదికి రెండుసార్లు, సర్కారు బడిలో ఒకసారి పిల్లలను పరీక్షించాలి. పళ్ళు కూడా చూడాలి. వైద్యం ఉచితం. ఆ రోజు ఎప్పుడో అంగన్‌వాడీ టీచరును అడగండి. అడగడం మన హక్కు.

మాట్లాడుకోండి

మీ బిడ్డ నోరు తెరిపించి చూశారా? నల్లమచ్చలు ఎన్ని?
మీ ఊరి అంగన్‌వాడీకి డాక్టరు ఎప్పుడు వచ్చారు?