బైకు గేమ్ కొనివ్వచ్చా?

ప్రశ్న: ఇంటర్ చదివే మావాడు తక్కువ ధరలో వచ్చే బైక్ రేసింగ్ గేమ్ కొనమంటున్నాడు. అందులో బండి విప్పి బిగించుకోవచ్చట. కొనివ్వమంటారా? – ఒక తండ్రి, సంగం

జవాబు: కొనివ్వండి, రేసు కోసం కాదు, ఆ విప్పి బిగించే భాగం కోసం. 1991 నాటి రోడ్ రాష్‌లో పక్కవాణ్ణి తన్ని ముందుకెళ్లడమే ఆట. 'మోటార్‌సైకిల్ మెకానిక్ సిమ్యులేటర్ 2021' లాంటి వాటిలో బండి ఎలా నడుస్తుందో ఆలోచించాలి. ముందు స్ప్రాకెట్‌కి 14 పళ్లు, వెనక దానికి 42 ఉంటే నిష్పత్తి 3. వెనక 45 పళ్లది వేస్తే 3.2 దాటుతుంది. పికప్ పెరుగుతుంది, టాప్ స్పీడ్ తగ్గుతుంది. రెండూ ఒకేసారి రావని పిల్లవాడికి తెర మీదే తెలిసిపోతుంది. గ్రాఫిక్స్ నాసిగా ఉన్నా ఫరవాలేదు.

ఆట అలవాటై రోడ్డు మీదా దూకిస్తాడేమోనన్న భయం కొట్టిపారేయదగ్గది కాదు. గేములో పడినవాడు మళ్లీ లేచి ఎక్కుతాడు; నిజం రోడ్డు మీద అలా కుదరదు. మీ ఊరి మీదుగా వెళ్లే నెల్లూరు-ముంబయి రహదారిపై వేగం 40 నుంచి 80కి పెరిగితే, బ్రేకు వేశాక బండి ఆగే దూరం సుమారు నాలుగింతలవుతుంది. కానీ దానికి మందు గేము మానిపించడం కాదు, ఇంట్లో బండి తాళం దాచడం. సైలెన్సర్ మార్పుల సరదా కూడా తెర మీదే తీరాలి; మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఇష్టమొచ్చిన మార్పులను ఒప్పుకోదు. 199ఎ ప్రకారం మైనర్ బండి నడిపి నేరం చేస్తే సంరక్షకుడికి 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు.