పడవ ఇంజను పూర్తి వేగం ఎందుకు అందుకోదు?

ఆర్మూరు ప్రాంతంలో ఉడికించి ఎండబెట్టిన పసుపు కొమ్ములను పెద్ద డ్రమ్ములో వేసి తిప్పి మెరుగు పెట్టడం మీలో చాలామంది చూసే ఉంటారు. డ్రమ్ములో పరిమితికి మించి కొమ్ములు నింపితే దాన్ని తిప్పే ఇంజను మూలుగుతూ నెమ్మదిస్తుంది. లోపం ఇంజనులో లేదు, దానిపై పడిన భారంలో ఉంది. కొమ్ములు కొద్దిగానే ఉన్నా నెమ్మదిస్తే మాత్రం ఇంజనునే పరీక్షించాలి. పడవ ఇంజను విషయంలోనూ ఇలాగే ఆలోచించాలి.

ఆర్మూరుకు సమీపంలోనే, పోచంపాడు వద్ద గోదావరిపై శ్రీరాంసాగర్ జలాశయం ఉంది. 1963 జూలై 26న జవహర్‌లాల్ నెహ్రూ దీనికి శంకుస్థాపన చేశారు. అంత విశాలమైన నీటిలో గాలి లేస్తే అలలూ లేస్తాయి. అప్పుడు ఇంజనుకు తగినంత శక్తి లేకపోతే పడవ ఒడ్డు చేరడం కష్టమవుతుంది. అందుకే పూర్తి వేగం తగ్గిందంటే అశ్రద్ధ చేయకూడదు.

లోపం పూర్తి వేగంలోనే ఎందుకు బయటపడుతుంది?

పడవ వెనుక బిగించే ఇంజనును ఔట్‌బోర్డు ఇంజను అంటారు. అది నీటిలోని ప్రొపెల్లరును తిప్పుతుంది. ప్రొపెల్లరు రెక్కలు నీటిని వెనక్కు నెడితే, ఆ ప్రతిచర్య వల్ల పడవ ముందుకు సాగుతుంది.

ప్రొపెల్లరును తిప్పడానికి కావలసిన శక్తి సుమారుగా దాని భ్రమణ వేగపు ఘనానికి అనుపాతంలో ఉంటుంది. సగం వేగానికి ఎనిమిదో వంతు శక్తి చాలు. కాబట్టి బలహీనపడిన ఇంజను కూడా నెమ్మదిగా పోయేటప్పుడు ఆరోగ్యంగానే కనిపిస్తుంది.

ఒక ఇంజను నిమిషానికి 5500 చుట్లు తిరగాలనుకుందాం. అది 4400 దగ్గరే ఆగిపోతే వేగం 80 శాతమే. 0.8 ఘనం 0.512. అంటే వేగంలో తగ్గింది ఐదో వంతే అయినా, శక్తిలో దాదాపు సగం పోయి ఉండవచ్చు! రెండు సిలిండర్ల ఇంజనులో ఒక స్పార్క్ ప్లగ్గు పనిచేయకపోయినా ఇటువంటి ఫలితమే కనిపిస్తుంది.

ముందుగా భారం

ఇంజను విప్పే ముందు పడవను చూడాలి. బరువు ఎక్కువైందా? అడుగున నీరు చేరిందా? బయట నాచు పట్టిందా? ప్రొపెల్లరుకు వల దారాలు చుట్టుకున్నాయా?

తరువాత ప్రొపెల్లరు పిచ్ చూడాలి. మర ఒక చుట్టు తిరిగితే చెక్కలోకి ఎంత దూరం దిగుతుందో, ప్రొపెల్లరు ఒక చుట్టుకు లెక్క ప్రకారం ముందుకు పోవలసిన దూరమే పిచ్. నీరు చెక్కలా గట్టిది కాదు గనుక నిజంగా సాగే దూరం అంతకన్నా తక్కువ. పిచ్ మరీ ఎక్కువైన ప్రొపెల్లరు బిగిస్తే ఇంజను తన పూర్తి వేగాన్ని అందుకోలేదు. పిచ్ ఒక అంగుళం తగ్గిస్తే సాధారణంగా నిమిషానికి 150 నుంచి 200 చుట్లు పెరుగుతాయి. అధిక భారంతో ఎక్కువసేపు నడిపితే ఇంజను వేడెక్కి దెబ్బతినవచ్చు.

చుట్లు బాగా పెరుగుతున్నా పడవ సాగకపోతే అది వేరే జబ్బు. ప్రొపెల్లరు గాలిని పీలుస్తూ ఉండాలి, లేదా దాని మధ్యనున్న రబ్బరు పట్టు జారుతూ ఉండాలి.

తరువాత ఇంజను

ఇంధనపు ట్యాంకు మూతకు గాలి లోపలికి పోయే చిన్న మర ఉంటుంది. అది మూసి ఉంటే పెట్రోలు తగ్గేకొద్దీ ట్యాంకులో పీడనం పడిపోయి, సరఫరా చాలదు. పూర్తి వేగంలో ఉండగా గొట్టం మధ్యనున్న రబ్బరు బుడ్డిని చేత్తో నొక్కినప్పుడు వేగం పెరిగితే లోపం ఇంధన సరఫరాలోనే ఉన్నట్లు. అప్పుడు వడపోత మూసుకుపోయిందేమో, గొట్టం పగిలి గాలి పీలుస్తోందేమో చూడాలి.

ఆపైన స్పార్క్ ప్లగ్గులను, థ్రాటిల్ పూర్తిగా తెరుచుకుంటోందో లేదో పరీక్షించాలి. ఒకసారి ఒక మార్పే చేయాలి. రెండు కలిపి చేస్తే ఏది పనిచేసిందో తెలియదు.

హెచ్చరిక: ఈ పనులు పెద్దలు చేయవలసినవి. ఇంజను ఆపి, స్పార్క్ ప్లగ్గు తీగ తీసేశాకే ప్రొపెల్లరును తాకాలి. పడవ ఎక్కేవారందరూ లైఫ్ జాకెట్ తొడుక్కోవాలి.

ఆలోచించండి: నిమిషానికి 5000 చుట్లు తిరగవలసిన ఇంజను 4500 చుట్లే తిరుగుతోంది. భారంలో మార్పేమీ లేదు. అది సుమారు ఎంత శాతం శక్తినిస్తోంది?